బరిలో ఆగిన పొట్టేలు

మా ముత్తవ్వ గంగమ్మ, మందలోని తల్లిలేని పిల్లలన్నింటికీ పాలిచ్చిన గొర్రె. మా తాత వీరభద్రుడు, కంచె దాటి వచ్చిన తోడేలును ఒంటరిగా ఎదిరించిన పొట్టేలు. వారి వంశంలో పుట్టిన నా మనుమడు బొల్లడు పిల్ల పొట్టేళ్ల కుస్తీలో గెలవాలని ఆశపడ్డాడు.

నేలకు జానెడు ఎత్తున వాలిన చింతకొమ్మే మా తూకం. ఎక్కినప్పుడు కొమ్మ నేలను తాకితే పెద్ద బరిలో, తాకకపోతే చిన్న బరిలో పోరాడాలి. చిన్న బరిలో గెలుపు సులభమని బొల్లడు రెండు రోజులు నీళ్లు ముట్టక, ఎండలో పరుగులు తీశాడు. కొమ్మ నేలను తాకలేదు.

"చూశావా అవ్వా, నడుము ఎలా సన్నబడిందో!"

తూకం చూసే పెద్దను నేనే అయినా మురిసిపోయాను. అది నా తప్పు.

బరిలో ప్రత్యర్థి కర్రెడు కొమ్ములు వంచి, అంతలోనే ఆగిపోయాడు. బొల్లడి కాళ్లు వణుకుతున్నాయి.

"ఒరే బొల్లా, నాలుక అలా ఎండిపోయిందేమిట్రా?"

"భయమైతే ఒప్పుకో!"

"నిన్ను పడగొట్టడానికి నేనెందుకురా, గాలి చాలు! పద, ముందు నీళ్లు తాగు. నేను తేలికైనా రేపు పెద్ద బరికే వస్తాను. ఎంత బరువుంటే అంత బరువుతో నన్ను కొట్టు."

చేతికందిన గెలుపును వదిలి, బొల్లణ్ణి భుజానికి ఆనించుకుని వాగుకు నడిపించిన ఆ కుర్రవాణ్ణి చూసి మందంతా లేచి నిలబడింది.

మరునాడు బొల్లడు ఓడిపోయాడు, కానీ ఆరోగ్యంగా ఇంటికి వచ్చాడు. ఆ ఏడాది నుండి ప్రతి పిల్లా నా ఎదుట కడుపునిండా నీళ్లు తాగిన తరువాతే కొమ్మ ఎక్కాలని నియమం పెట్టాను. నా తరువాతివారికి నేను అప్పగించినది అదొక్కటే.