సాంబా ఆగిన వీధి

"వదినా, తైనా నీ దగ్గరకొచ్చిందా?"

ఆడబిడ్డ మార్లూసియా జనాన్ని తోసుకుంటూ వచ్చి అడిగిన ఆ మాటకు జాండీరా గిరగిరా తిరుగుతున్నదల్లా ఆగిపోయింది. కార్నివాల్ ఊరేగింపులో వాళ్ళ పేట సాంబా నాట్యబృందం అప్పుడే చర్చి వీధిలోకి మలుపు తిరిగింది. ముందు జాండీరాతో సహా తెల్ల పరికిణీల ఆడవాళ్ళు, వాళ్ళ వెనక డోళ్ళవాళ్ళు. మాట వినపడాలంటే చెవిలో అరవాల్సిందే.

"నీ చేతికే కదే అప్పగించాను!"

"మొక్కజొన్న కండె కొందామని చెయ్యి వదిలాను వదినా. ఇటు తిరిగి అటు చూసేసరికి లేదు. అమ్మ దగ్గరికి పోతానని ఇందాకటి నుంచీ ఒకటే పేచీ."

"ఎక్కడ వదిలావు?"

"ఈ మలుపులోనే."

మలుపు పక్కనే ఏరు. ఏటికి పడవల మెట్లు, మెట్ల నిండా పాచి. జాండీరా కళ్ళకు అంతా అప్పుడే కట్టింది. పొద్దున తను తైనా జడకు కట్టిన ఎర్ర రిబ్బను నీళ్ళ మీద తేలుతూ. గట్టు మీద గుమిగూడిన జనం. ఎవరో తన పేరు పెట్టి పిలవడం. ఇంకా నాలుగేళ్ళు నిండని పిల్ల.

పరుగెత్తబోయింది. ఆ పరికిణీ పరుగెత్తనిస్తేగా! అంచుకు బద్దలు పెట్టి కుట్టిన బట్ట, రెండు చేతులూ చాచినా అంచు అందదు. లోపల గంజి పెట్టిన లంగాలు పొర మీద పొర. రెండడుగులు వేసిందో లేదో కొబ్బరినీళ్ళ బండికి తట్టుకుంది.

"చూసుకో తల్లీ, బండిని కూడా ఊరేగింపులోకి లాక్కుపోతావా ఏంటి!" అని బండివాడు పకపకా నవ్వాడు. అతనికేం తెలుసు?

పక్కన గిరగిరా తిరుగుతూ ఆడుతున్న వల్దేతి ఆగి ఆమె మోచెయ్యి పట్టుకుంది. బృందంలో అందరికీ పెద్దక్క ఆవిడ.

"ఏమైందే, ముఖం అలా పాలిపోయింది?"

"పిల్ల కనపట్లేదక్కా!"

"దడుచుకోకు. మార్లూసియా, నువ్వు ఏటివైపు పరుగెత్తు. జాండీరా, నువ్వు తిరుగు."

"పిల్ల పోయిందని నేనేడుస్తుంటే ఆడమంటావేంటక్కా?"

"పిచ్చిదానా, ఈ గంప వేసుకుని ఎంత దూరం పోతావు? తిరిగితే నాలుగు వైపులా కనపడుతుంది. తిరుగుతూ వెతుకు!"

జాండీరా తిరిగింది. పరికిణీ గాలి నింపుకుని పైకి లేచింది. వీధి మెల్లగా ఆమె చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పసుపు గోడలు, నీలం కిటికీలు, కిటికీల్లో ముసలమ్మలు, తండ్రుల భుజాల మీద పిల్లలు, రాలుతూ రాలుతూ ఎంతకీ నేలను చేరని రంగు కాగితం ముక్కలు. వాలుపొద్దు వెలుగులో అందరి ముఖాలూ ఒకే బంగారు రంగు. కనపడ్డ రిబ్బనల్లా ఎర్రగానే ఉంది. కనపడ్డ ప్రతి పిల్లా తైనాయే, తేరిపార చూసేలోగా ఎవరో పిల్ల అయిపోతోంది. డోలు వీధిలో మోగుతోందో తన గుండెలోనే మోగుతోందో తెలియడం లేదు. ఒళ్ళు తన ఒళ్ళులా లేదు, నీళ్ళలో తేలుతున్నట్టుంది. ఇది కలైతే బాగుండు, కళ్ళు తెరిస్తే పిల్ల పక్కలో ముడుచుకుని పడుకుని ఉంటే బాగుండు అనుకుంది.

"తైనా! తైనా!"

ఆ అరుపు ఆమె చెవికే చేరలేదు.

మార్లూసియా రొప్పుతూ తిరిగొచ్చింది. "మెట్ల దగ్గర లేదు వదినా. పడవలవాళ్ళెవరూ చూడలేదట. నన్ను చంపెయ్, నాదే తప్పు."

వాళ్ళు చూడకపోతే మాత్రం? ఏరు మింగేటప్పుడు అందరికీ చెప్పి మింగుతుందా? ఏరు కాకపోతే ఊరేగింపు బళ్ళ చక్రాలు లేవూ? చక్రాలు కాకపోతే, మిఠాయి చూపించి చెయ్యి పట్టుకుపోయే వెధవలు లేరూ? జాండీరా ఇక తిరగలేకపోయింది. వెనక్కి మళ్ళి, డోళ్ళకు ఎదురుగా నిలబడి తాళం చూపిస్తున్న జువెనాల్ మేస్త్రి భుజం పట్టి ఊపేసింది.

"డోళ్ళు ఆపు మేస్త్రీ!"

"మతి పోయిందా నీకు? ఎదురుగా మార్కులు వేసేవాళ్ళ పందిరి! ఇక్కడ డోలు ఆగిందంటే ఏడాది కష్టం నీళ్ళపాలు. నీ చోటికి పో!"

"నా పిల్ల కనపట్లేదు. ఎక్కడో ఏడుస్తూ నన్ను పిలుస్తూ ఉంటుంది. ఈ మోతలో నాకెలా వినపడుతుంది?"

మేస్త్రి పందిరి వంక చూశాడు. అక్కడ కుర్చీల్లో కళ్ళజోళ్ళవాళ్ళు కాగితాల మీద ఏదో రాసుకుంటున్నారు. తర్వాత జాండీరా ముఖంలోకి చూశాడు. ఆయనా బిడ్డల తండ్రే. ఈల నోట్లో పెట్టుకుని గట్టిగా ఊది, పిడికిలి పైకెత్తాడు.

డోళ్ళన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి.

అంతసేపూ అదురుతున్న నేల కుదుటపడింది. పందిట్లోవాళ్ళు లేచి నిలబడ్డారు. జనం ఏమైందో తెలియక నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. జెండా గుడ్డ గాలికి కొట్టుకోవడం వినిపిస్తోంది. ఏటి అవతల ఏదో పిట్ట అరవడం కూడా వినిపిస్తోంది.

"తైనా!"

జాండీరా గొంతు చర్చి గోడకు తగిలి తిరిగొచ్చింది. బదులు లేదు. వల్దేతి గుండెల మీద చెయ్యి వేసుకుంది. జాండీరా మరొక్కసారి, పిలుపులా కాదు, ఏడుపులా అంది.

"తైనా... అమ్మా..."

అప్పుడు సరిగ్గా ఆమె పరికిణీ లోపలి నుంచి ఒక చిన్న గొంతు విసుక్కుంది:

"ఆగిపోయావేంటమ్మా? మళ్ళీ తిరుగు, ఇక్కడ గాలే రావట్లేదు!"