లాంచీలో జీపు ఇంజను

ఇంజను తనంతట తాను చెడిపోలేదనీ, ఎవరో కావాలనే చెడగొట్టారనీ రాహేలుకు ఒక్క చూపులో తెలిసిపోయింది.

నాగాయలంక రేవులో కట్టేసి ఉన్న లాంచీలో, ఇంజను పెట్టె మీదకి వంగి చూస్తోంది ఆమె. కార్బురేటర్ కింద ఒక బోల్టు మీద పానా పట్టిన గుర్తు తళతళ మెరుస్తోంది. పక్క బోల్టు మీద మసి మసిగానే ఉంది.

"దీన్నెవరు ముట్టుకున్నారు?" అంది, భర్తకు మాత్రమే వినబడేలా.

"ముందు ఇంజను స్లోలో ఆగకుండా చూడు రాహేలూ. జనం చూస్తున్నారు," అన్నాడు సీమోను.

జనం చూస్తారనే ఆమె భయం. మిలిటరీ వాళ్లు వేలం వేసిన జీపు ఇంజన్ని అచ్యుతరావు లాంచీకి బిగించింది సీమోను. దానికి దొరికిన కార్బురేటర్ మాత్రం లారీది. ఆ రెంటికీ పొత్తు కుదరదని బెజవాడ మెకానిక్కులు తేల్చేశారు. సీమోను కుదిర్చాడని దివిసీమంతా చెప్పుకుంది. నిజానికి గాలి ఎంత, పెట్రోలు ఎంత అన్నది చెవితో విని కుదిర్చింది రాహేలు. అదీ షెడ్డు తలుపులు మూసుకున్నాకే.

"ఆడది తిప్పిన ఇంజనంటే ఎవరూ లాంచీ ఎక్కరు. పేరు మీదే ఉండనివ్వండి," అనేది భర్తతో.

లాంచీ మొదటిసారి బయలుదేరేరోజు మెకానిక్కు మెడలో దండవేసి పంచెల చాపు పెట్టడం అక్కడి ఆనవాయితీ. సీమోను ట్రంకుపెట్టె పంచెలతో నిండిపోయింది. రాహేలు మాత్రం ఏనాడూ కరకట్ట దాటి రేవులోకి రాలేదు.

ఇవాళ రాక తప్పలేదు. లాంచీ మొదటిసారి ఎదురుమొండికి బయలుదేరాలి. ఇంజను జోరుగా తిప్పితే బాగానే ఉంది, స్లో చేస్తే గజగజ వణికి ఆగిపోతోంది. ఆటు సమయంలో ఏటి మధ్య ఆగిందంటే లాంచీ తిన్నగా సముద్రంలోకే. అందుకే సీమోను తాడు విప్పనివ్వలేదు. పొద్దుటి నుంచీ కుస్తీ పట్టి, చివరికి ఇంటికి కబురు పెట్టాడు.

"ఏవయ్యా సీమోనూ, మీ ఆవిడ ప్రార్థన చేస్తే నడుస్తుందా ఇంజను?" గట్టు మీంచి అచ్యుతరావు అడిగాడు. "ఇంకొక్కసారి ఆగిందంటే విప్పించి అవతల పారేస్తాను. బెజవాడ వాళ్లనే పిలుస్తాను. ఈ సీమలో నీకింక ఎవరూ పని ఇవ్వరు."

పక్కనే దాటుపడవ నడిపే బాబూరావు తెడ్డు ఊపుతూ, గట్టు మీది జనాన్ని చూసి నవ్వాడు. "నా తెడ్డుకి కార్బురేటర్ లేదు మావయ్యా. రండి, ఎక్కండి."

లాంచీ తిరిగితే బాబూరావు పడవ ఎక్కేవాళ్లుండరు. రాహేలు అతని వంక ఒక్క చూపు చూసి, కొంగు నడుముకి బిగించింది.

"స్టార్ట్ చెయ్యండి."

ఇంజను దగ్గుతూ లేచింది. ఆమె వేలితో కాస్త ఆయిలు తీసి ఆ బోల్టు పక్క అతుకు మీద వదిలింది. ఆయిలు లోపలికి జారిపోయింది. ఆ క్షణం మాత్రం ఇంజను చక్కగా పలికి, మళ్లీ దగ్గింది.

"ఇక్కడ దొంగగాలి పీలుస్తోంది. ఇంత వదులు మీ కంట పడలేదా?"

సీమోను పానా ఆమె చేతికందించాడు.

పానాతో బిగించింది. దగ్గు తగ్గింది, వణుకు తగ్గలేదు. గాలీ పెట్రోలూ పాళ్లు కుదిర్చే మిక్చర్ స్క్రూ కూడా ఎవరో లోపలికి తిప్పేశారు. ఆమె కళ్లు మూసుకుని, స్క్రూని పిసరు పిసరుగా వెనక్కి తిప్పుతూ వింది. వణుకు సన్నబడి, సన్నబడి, ఇంజను ఒక్కటే శ్రుతిలో నిలిచింది.

సీమోను గ్లాసు నిండా నీళ్లు పోసి ఇంజను పెట్టె మీద పెట్టాడు. చుక్క తొణకలేదు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నాడు అచ్యుతరావు. గొంతులో వెటకారం లేదు.

జవాబు సీమోను చెప్పాడు, రేవంతా వినబడేలా. "ఎవరూ నేర్పలేదండి. నాకే ఆవిడ నేర్పింది. మీరు దండలేసిన ప్రతి ఇంజనూ ఆవిడ చెవితో విని తిప్పిందేనండి."

రాహేలు ఇక ఎవరూ ఎక్కరనుకుంది.

చేపల తట్టతో నిలబడ్డ పున్నమ్మ ముందుకొచ్చింది. "ఈ పిల్ల తిప్పిందా? అయితే నాకు భయం లేదు. జరగండయ్యా." ఆమె వెనకే మిగతావాళ్లు ఎక్కారు.

అచ్యుతరావు దండ తెచ్చి రాహేలు చేతికందించాడు. పంచెల చాపు పట్టుకుని కాసేపు తటపటాయించాడు. "పెడన నుంచి చీర తెప్పిస్తానమ్మా. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు."

లాంచీ కదిలింది. ఇంజను పక్కన కూర్చుని రాహేలు కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత గొంతు గట్టిచేసుకుంది.

"ఆ బాబూరావుని వదలకూడదండీ. తిరిగి రాగానే మునసబుగారికి చెబుదాం."

"వాడు కాదు."

"మరెవరు? షెడ్డులో నేను సరిచేసిన ఇంజను రేవుకొచ్చేసరికి ఎలా పాడవుతుంది?"

సీమోను ఆమె చేతిలోని దండ తీసి ఆమె మెడలో వేసి, జనం వైపు గర్వంగా చూశాడు.

"నిన్ను కరకట్ట దాటించడానికి బోల్టు వదులు చేసిందీ, స్క్రూ తిప్పిందీ నేనే."