తాతమ్మ ఏం తినేది

అప్పటికి ఏ వంటింట్లో చూసినా మిక్సీ పక్కన ఓ పలుకుపెట్టె ఉండేది. పాత ఉత్తరాలు అందులో వేస్తే చాలు, రాసినవాళ్ల మాటతీరులోనే కబుర్లు చెప్పేది. వాళ్లు రాయని సంగతి మాత్రం ఒక్కటీ కల్పించేది కాదు.

కాకినాడలో వకుళ వాళ్లింటి పెట్టెలో పలికేది తాతమ్మ కనకరత్నం. ఆవిడ చెల్లెలికి జీవితమంతా రాసిన ఉత్తరాలన్నీ అందులో వేశారు.

ఆ పూట వకుళ బెండకాయ వేపుడు కలుపుతూ అడిగింది. "తాతమ్మా, మీ ఇంట్లో ఆదివారాలు ఏం వండేదానివి?"

"పులస చేపల కాలమైతే పులుసేనే. మీ ముత్తాతకి తలకాయ పడాలి. పెద్దాడికి నడుం ముక్క. మా అత్తగారికి ముళ్లు తీసి పెట్టేదాన్ని."

"మరి నువ్వేం తినేదానివి?"

పెట్టెలో ఉత్తరాలు వెతుకుతున్న గరగర వినిపించింది. పాడైందేమోనని వకుళ దాన్ని తట్టి కూడా చూసింది.

"అది నేనెప్పుడూ రాయలేదమ్మా," అంది చివరికి తాతమ్మ.

వకుళకి నవ్వొచ్చింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. హాస్టల్లో ఉన్న కూతురికి తను రోజూ పంపే మెసేజీలు కూడా ఏదో ఒకనాడు ఇలాంటి పెట్టెలోకే వెళ్తాయి. ఫోను తీసి పాతవి చదువుకుంది. మీ నాన్నకి దగ్గు తగ్గింది. తమ్ముడు మారు వడ్డించుకున్నాడు. అందరూ తిన్నారు. ఎంత వెనక్కి వెళ్లినా అదే వరస.

పొయ్యి కట్టేసింది. ఎవరినీ పిలవకుండానే కంచం పెట్టుకుంది. వేడన్నంలో నెయ్యి వేసుకుని, కరకరలాడే ముక్కలు ఏరి మరీ వడ్డించుకుంది. మొదటి ముద్ద మింగి, ఎడమచేత్తో కూతురికి మెసేజీ పెట్టింది.

"ఇవాళ ముందు నేనే తింటున్నానే. బెండకాయ వేపుడు. భలే కుదిరింది."