అరసెయ్యి

"కూర్మమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు. ఈ మాస్టారి దగ్గరికొచ్చాక నీ కూతురికి మాటొచ్చిందా?" సికాకులం నుంచొచ్చిన ఆఫీసరుబాబు కాయితం తీసినాడు. "లైసెన్సు లేకుండా మూగపిల్లలకి వైద్యం చేస్తున్నాడని అర్జీ పడింది. మాటొచ్చిందంటే ఇతని మీద కేసే."

జగన్నాధం మేష్టరు సేతులు కట్టుకుని నిలబడిపోనారు. రెండేళ్లుగా నా పిల్ల సెయ్యి తన గొంతుమీద పెట్టుకుని, పెదాలు సూపించి, తను సేసినట్టు సెయ్యమని సైగ సేసిన మనిసి.

"నేదు బాబూ," అన్నాను. "పుట్టుసెవుడు. దానికి మాటేటి? మేష్టరు అచ్చరాలు దిద్దిస్తన్నారు, అంతే."

ఆ మాటనీసరికి నాకు ఏడుపొచ్చీసింది. అది సూసి పిల్ల దగ్గరకొచ్చింది. నా గొంతుమీద సెయ్యేసింది. పెదాలు విప్పింది.

"అ... మ్మ..."

ఎనిమిదేళ్లు ఆ మాట కోసం ఎదురు సూసినాను. రాసుకుంటన్న ఆఫీసరు తలెత్తేలోగా, ఎండుసేపల వాసనేసే నా అరసేత్తో దాని నోరు నొక్కీసినాను.

"దగ్గు బాబూ," అన్నాను.

ఆయన "మార్పు లేదు" అని రాసుకుని, నా వేలిముద్ర ఏయించుకుని ఎళ్లిపోనాడు.

పిల్ల ముందు కూలబడిపోనాను. దాని సెయ్యి లాగి నా గొంతుమీద పెట్టుకున్నాను. "అమ్మ అనవే తల్లీ! ఒక్కపాలి అనవే!"

పిల్ల నన్నే సూసింది. సూపింది సూపినట్టు సెయ్యడమే దానికి మేష్టరు నేర్పిన సదువు.

రెండో అరసెయ్యి ఎత్తి, తన నోరు గట్టిగా నొక్కుకుంది.