జనుము చేని పుంజు

"ఆఫీసరుకు మధ్యాన్నం కూరకు నీ పుంజే కావాల రోశమ్మత్తా. ఊర్లో దాన్ని మించింది లేదు" అన్నాడు మునసబు రంగనాయకులు.

రోశమ్మ చేతులు జోడించింది. "అది గంగమ్మకు మొక్కిన పుంజు నాయనా. మనవడికి అమ్మవారు పోసినప్పుడు మొక్కుకుంటిని. జాతర ఇంక పది దినాలు కూడా లేదు."

"గంగమ్మ వచ్చే ఏడు దాకా ఆగుతాది. ఆఫీసరు ఒంటిగంట దాకే ఆగుతాడు."

కొత్త రాష్ట్రం వచ్చాక తాలూకాకు వచ్చిన కొత్త జీపులో గిద్దలూరు నుంచి దిగాడు ఆ పురుగుల ఆఫీసరు సత్యానందం. రోశమ్మ జనుము చేలోనే నిలబడి ఊరందరికీ పాఠం చెబుతున్నాడు. ఆయన వేలి మీద ఒక రెక్కల పురుగు వాలి ఉంది. తెల్లటి రెక్కల నిండా కుంకుమ చుక్కలు, నల్ల చుక్కలు. పేరంటానికి బయలుదేరినట్టుంది.

"ఇది గొంగళిగా ఉన్నప్పుడు జనుము కాయలోకి దూరి గింజలు తింటుంది. ఆ గింజల్లో విషముంది. అది దీని ఒంట్లో చేరి, రెక్కలొచ్చాక కూడా పోదు. ఈ రంగులు సోకు కోసం కాదు, నన్ను తినొద్దని పక్షులకు చాటింపు. సాలీడు కూడా దీన్ని గూటిలోంచి తెంపి వదిలేస్తుంది."

పెద్దల మాట చద్దిమూట అంటారు. రోశమ్మ ఆ మూట అక్కడికక్కడే విప్పుకుంది.

"సారూ, మీ కూరకని మా పుంజును అడిగినారు. ఇచ్చేదానికి నాకేం బాధ లేదు. కానీ అది పదైదు దినాల నుంచి ఈ పురుగుల్నే తింటాంది. మీకేమన్నా అయితే మా ఊరి పేరు చెడిపోతాది."

రంగనాయకులు పళ్లు నూరాడు. సత్యానందం కళ్లజోడు తీసి ఆమెను పరకాయించి చూశాడు.

"ఇదే పురుగా? నీ కళ్లతో చూశావా?"

అబద్ధమాడినా అతికినట్టుండాలి. "ఈ పొద్దున నా ముందరే నలబై తినింది సారూ. తిని కూసింది కూడా."

"అయితే ఆ కూర నాకొద్దు" అన్నాడు సత్యానందం.

రోశమ్మ మనసులోనే గంగమ్మకు దండం పెట్టి ఇంటిదారి పట్టింది. నాలుగడుగులు వేసిందో లేదో, వెనక నుంచి ఆఫీసరు గొంతు వినబడింది.

"మునసబుగారూ, ఆ పుంజును జీపులో పెట్టించండి. ఇంత విషం తిని బతికిన పక్షిని ఇరవై ఏళ్ల సర్వీసులో చూడలేదు, కర్నూలు తీసుకెళ్లి కోసి, కడుపులో ఏముందో చూడాలి."