దారం కొరికే చోటు

గొంతులో స్వరపూస వేయించుకోవడం చెవులు కుట్టించుకున్నంత మామూలైపోయిన రోజులవి. ఆ పూస ఉంటే ఎవరు పాడినా శ్రుతీ లయా తప్పవు. అందుకే సంగీతంలో ఎమ్మే పట్టాకు విశ్వవిద్యాలయం వాళ్లు ఒక మెలిక పెట్టారు. మనిషి నోట నేర్చుకున్న పాట ఒకటి, పూస తీసేసి పాడాలి.

హైమ ఒకసారి తప్పింది. అది మనిషి దగ్గర నేర్చిన పాట కాదన్నారు పరీక్షకులు. ఇక ఒక్క అవకాశమే మిగిలింది.

"నేర్పింది నేనైతే మనిషి కాదంటారా! నేనేమన్నా రోకలిబండనా?" అని అమ్మమ్మ నాంచారమ్మ మండిపడింది. "ఏదీ, పాడవే."

హైమ ఎక్కడా ఒడుదుడుకు లేకుండా పాడింది. రెండో చరణం సగంలో నాంచారమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఇక్కడ దారం కొరకలేదేమే?"

"దారమేంటి అమ్మమ్మా? నువ్వక్కడ ఆగడం పొరపాటనుకుని, సాధన చేసేటప్పుడు పూస ఆ ఖాళీని అతికేసింది. నాకూ అదే అలవాటైపోయింది."

"పొరపాటా! బొంత కుడుతూ మా అమ్మ పాడిన పాటిది. సూదిలో దారం సరిగ్గా అక్కడికి అయిపోయేది. పళ్లతో దారం కొరుకుతూ ఎవరైనా పాడతారటే?"

నాంచారమ్మ పాత చీరలూ సూదీ తెచ్చి మనవరాలి ఒళ్లో పడేసింది.

పరీక్ష రోజుకి బొంత పూర్తయింది. రెండో చరణం సగంలో హైమ ఆగింది. చేతిలో సూది లేకపోయినా పళ్లు బిగిశాయి. వెనక బల్ల మీద నాంచారమ్మ బోసినోరు కూడా సరిగ్గా అప్పుడే దారం కొరికింది. పెద్ద పరీక్షకురాలు ఆ రెండు నోళ్లనూ మార్చి మార్చి చూసి, పాట పూర్తికాకముందే సంతకం పెట్టేసింది.