చెయ్యి చెప్పిన అబద్ధం

"ఏమండీ, ఇలా రండి! బాబు ఒళ్ళు చల్లబడిపోతోంది!"

వంటింట్లో గిన్నెలు తోముతున్న భర్త చేతిలో గిన్నె అక్కడే వదిలేశాడు. తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. మంచం మీద రెండు నెలల పసివాడు, వాడి నుదుటి మీద చెయ్యి వేసి కూర్చున్న వాళ్ళమ్మ. బడిలో ఆరో తరగతికి సైన్సు చెప్పే టీచరమ్మ ఆవిడ. నలభైమంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషికి ఇప్పుడు పెదవులు వణుకుతున్నాయి.

అతను బాబు పొట్ట తాకి చూశాడు. "వెచ్చగానే ఉన్నాడే!"

"మీ చెయ్యి ఇంతసేపూ చన్నీళ్ళలో నానింది. దానికి ఏది ముట్టుకున్నా వెచ్చగానే తగులుతుంది."

"అదేం లెక్క?"

"మూడు గిన్నెల లెక్క. ఒకదాంట్లో వేణ్ణీళ్ళు, ఒకదాంట్లో చన్నీళ్ళు, మధ్యదాంట్లో గోరువెచ్చనివి. ఒక చెయ్యి వేడిలో, ఒకటి చల్లట్లో కాసేపు ఉంచి, రెండూ తెచ్చి మధ్య గిన్నెలో ముంచితే, ఒక చెయ్యేమో చల్లగా ఉందంటుంది, రెండోదేమో వేడిగా ఉందంటుంది. నీళ్ళు మాత్రం అవే! ఏటా పిల్లలతో చేయిస్తాను. చెయ్యిని నమ్మకూడదండీ."

"మరి నీ చెయ్యిని నమ్మొచ్చా?"

"నేను పొద్దుట్నుంచీ ఏ నీళ్ళలోనూ చెయ్యి పెట్టలేదు."

సైన్సుతో వాదించి గెలిచిన రోజు అతని కాపురంలో ఒక్కటీ లేదు. బాబుకి రెండు దుప్పట్లు చుట్టి ఎత్తుకున్నాడు. వీధి చివర క్లినిక్ చేరేసరికి అతని చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది.

"ముందా ఫ్యాను ఆపండి సిస్టర్, చలి చంపేస్తోంది" అంది టీచరమ్మ లోపలికి వస్తూనే.

నర్సు బాబు చంకలో థర్మామీటరు పెట్టి తీసింది. "తొంభై ఎనిమిది. నిక్షేపంలా ఉన్నాడు. ఆ దుప్పట్లు తీసెయ్యండమ్మా, ఉడికిపోతున్నాడు పాపం."

భర్త హమ్మయ్య అనుకోబోయాడు గానీ, టీచరమ్మ అనుకోనివ్వలేదు. "మీ థర్మామీటరు పాడైనట్టుంది సిస్టర్."

"నిన్ననే తీసిన కొత్తదమ్మా!"

"కొత్తదైతే మాత్రం? పరికరం సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఒంట్లో బాగున్న మనిషికి పెట్టి చూడాలి. ఏదీ, నాకు పెట్టండి."

నర్సు నిట్టూర్చి దాన్ని తుడిచి ఇచ్చింది. అది కుయ్యిమనగానే తీసి చూసి కనుబొమలు ఎగరేసింది. "నూట రెండు!"

"చూశారా!" టీచరమ్మ లేచి నిలబడింది. "నేను చెప్పలా? ఇంత తప్పు చూపించే దాన్ని పట్టుకుని మా వాడు బాగున్నాడంటారా? ఇంకోటి తెప్పించండి!"

నర్సు థర్మామీటరు మళ్ళీ తుడిచి, ఈసారి భర్త చంకలో పెట్టింది. తీసి, అతనికి కాకుండా ఆవిడకే చూపించింది.

తొంభై ఎనిమిది.

టీచరమ్మ దుప్పట్లు తీసేశాక హాయిగా కాళ్ళాడిస్తున్న బాబుని చూసింది. తన అరచేతిని చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాణ్ణి గుండెకి హత్తుకోబోయి, చప్పున ఆగి, రెండడుగులు వెనక్కి వేసింది.

"అమ్మయ్య! జ్వరం నాకేనా!"